అద్దానికి లోపలివైపు

నాయనమ్మ బ్యాగు హాల్లో గోడవారగా అలాగే ఉంది. బట్టలు సర్దేసింది, జిప్పు లాగేసింది, పైన శాలువా మడతపెట్టి పెట్టింది. ఆదివారం అత్త వచ్చి కారెక్కించుకోవడమే తరువాయి.

బ్యాగుకి సరిగ్గా పైన గోడ గడియారం. లోలకం కదలదు. నేను ఘనకార్యం చేసిన వేళ దగ్గరే ముళ్ళు రెండూ ఆగిపోయాయి.

"అలా గుడ్లప్పగించి చూడకపోతే లోపలికెళ్ళి ఇంకోసారి బతిమాలుకోవే," అంది అమ్మ వంటింట్లోంచి.

"ఇప్పుడే బతిమాలి వచ్చాను."

"ఏమంది?"

"ఏమీ అనలేదు. గోడవైపు తిరిగి పడుకుంది."

"పొద్దున టీ?"

"చల్లారిపోయింది."

అమ్మ చేతిలో గరిటెతోనే బయటికొచ్చింది. "చేతులు కాలాక ఆకులు పట్టుకుంటే ఏం లాభం? ఇంట్లో ఇన్ని సామాన్లున్నాయి. గ్లాసులున్నాయి, సీసాలున్నాయి, నా గాజు గిన్నె ఉంది. వేలిముద్ర తియ్యడానికి నీకు ఆ గడియారమే కావాల్సొచ్చిందా?"

"నీ గాజు గిన్నె మీద వేలిముద్ర దొరకాలంటే ముందు నువ్వు దాన్ని తోమడం మానాలమ్మా."

"చాల్లే వెటకారం!"

వెటకారం కాదు, నిజం. కాలేజీలో నా అసలు చదువు కెమిస్ట్రీ, దాంతోపాటు మైనర్‌గా ఫోరెన్సిక్ సైన్స్ తీసుకున్నాను. మేడమ్ ఇంటిపని ఇచ్చారు: ఇంట్లో ఏదైనా వస్తువు మీద కంటికి సరిగా ఆనని వేలిముద్రని పొడి జల్లి పైకి తేల్చాలి, టేపుతో ఎత్తి కార్డు మీద అంటించి తేవాలి. ఇల్లంతా వెతికాను. మా అమ్మ ఉన్న ఇంట్లో దొంగ పడితే పోలీసులకి ఒక్క ముద్ర దొరకదు, నాదీ పూచీ.

అప్పుడు సాయంత్రం ఎండ ఏటవాలుగా పడి, గడియారం అద్దం తలుపుకి లోపలివైపు, కింది మూల, మసకగా ఒక బొటనవేలు కనిపించింది.

ఆ గడియారం తాతయ్య చివరి పని. గడియారాలు బాగుచేసే మనిషి, మా వీధి గదే ఆయన కొట్టు. ఇంట్లో గడియారమే ఆగిపోతే బల్ల మీద విప్పుకుని కూర్చున్నాడు. దాన్ని బాగుచేసి గోడకి తగిలించాకే ఆస్పత్రికి వెళ్ళాడని, మళ్ళీ రాలేదని నాన్న చెప్పాడు. అప్పట్నుంచి నాయనమ్మ తప్ప ఇంకెవరూ దానికి కీ ఇవ్వలేదు.

ఇంకేం, ఆ ముద్ర తాతయ్యదేననుకున్నాను. కార్డు మీదికి ఎత్తి, ఫ్రేము కట్టించి నాయనమ్మ చేతిలో పెడదామని మురిసిపోయాను. లోలకం తియ్యకుండానే గడియారాన్ని గోడ మీద నుంచి దించాను. లోపల ఏదో టప్పుమంది. పట్టించుకోలేదు. నల్ల పొడి జల్లాను, టేపు వేశాను, ముద్ర బ్రహ్మాండంగా వచ్చింది. మిగిలిన పొడిని తడిగుడ్డతో శుభ్రంగా తుడిచేశాను కూడా, అమ్మ కూతుర్ని కదా.

నాయనమ్మ వచ్చి చూసింది. అద్దం దగ్గరికెళ్ళి, వంగి, ఆ మూల వెతుక్కుంది. నేను కార్డు చూపించబోతే చూడలేదు.

"నా దగ్గరున్నది అదొక్కటే కదే," అంది. అంతే. ఆ తర్వాత నాతో ఒక్క మాట లేదు. అత్తకి ఫోన్ చేసి వచ్చి తీసుకుపొమ్మంది.

నాన్న యూనిఫాం చొక్కా బొత్తాలు పెట్టుకుంటూ వచ్చాడు. నాన్న సిటీ బస్సు డ్రైవరు. ఉదయం డ్యూటీ ఉన్నా సాయంత్రం డ్యూటీ ఉన్నా వెళ్ళేముందు ఒక్కటే ప్రశ్న.

"అమ్మ టీ తాగిందా?"

"పక్కగదేగా, మీరే వెళ్ళి అడగొచ్చుగా," అంది అమ్మ.

నాన్న బ్యాగు వైపు చూశాడు. శాలువా ఒక అంచు కిందికి జారితే వంగి సరిచేశాడు. "అక్క దగ్గర కొన్నాళ్ళుంటే మనసు కుదుటపడుతుందిలే."

"కొన్నాళ్ళా! చలికాలం స్వెట్టర్లు కూడా సర్దుకున్నారు ఆవిడ. ఏమండీ, మీరొక్క మాట ఉండమంటే ఉంటారు."

"నేనంటే ఉండే మనిషైతే అడక్కుండానే ఉండేది."

"అడక్కుండా ఎలా ఉంటారు? ఇద్దరికిద్దరూ సరిపోయారు. నోరు తెరిస్తే ముత్యాలు రాలిపోతాయి మరి!"

నాన్న డ్యూటీకి బయల్దేరాడు. వీధి గది తలుపు ముందు నుంచే వెళ్ళాలి బయటికి. తాతయ్య పోయాక ఆ గదిలోకి నాన్న అడుగు పెట్టగా నేను చూడలేదు. అత్త వచ్చినప్పుడల్లా అదే దెప్పుతుంది: "నాన్న పనిముట్టు ఒక్కటి ముట్టుకున్నాడా వీడు? ఆ కొట్టు వైపు కన్నెత్తి చూశాడా?" అప్పుడు నాన్న చెప్పులు వేసుకుని వీధిలోకి పోతాడు. నాయనమ్మ మాత్రం ఏమీ అనకుండా గడియారం వైపు చూస్తూ కూర్చుంటుంది.

అమ్మ నా వైపు తిరిగింది. "నువ్వు కాలేజీకెళ్ళి ఆ మైనరేదో మార్పించుకుని రా. సంగీతం తీసుకో, బొమ్మలెయ్యడం తీసుకో. మైనర్ అంటే చిన్నదేమో అనుకున్నాను. ఇంటినే రెండు ముక్కలు చేసింది."

నాకు ఏడుపొచ్చింది. చదువు పోతుందని కాదు. నాయనమ్మ లేని ఇల్లు ఎలా ఉంటుందో మొదటిసారి ఊహకొచ్చి.

*

మా ల్యాబు కాలేజీ నేలమాళిగలో ఉంది. కిటికీలుండవు, పైన గొట్టాలు సన్నగా బుసకొడుతుంటాయి. అకౌంట్లు చదివేవాళ్ళు, సాహిత్యం చదివేవాళ్ళు, నాలాంటి కెమిస్ట్రీ వాళ్ళు, అందరం వారానికి రెండుసార్లు అక్కడ చేరతాం. మేడమ్ ఇదివరకు నేర పరిశోధన ల్యాబులో పనిచేశారు. గొంతు పెంచరు, కోప్పడరు. "ఎలా తెలుసు?" అని మాత్రం అడుగుతారు. దానికన్నా కోప్పడటమే నయం.

"మేడమ్, నా కార్డు వెనక్కిస్తారా?"

కథంతా చెప్పాను. చెప్తూ మధ్యలో రెండుసార్లు ముక్కు తుడుచుకున్నాను. మేడమ్ అరలోంచి కార్డు తీసి బల్ల మీద పెట్టారు. 'తాతయ్య, కుడి బొటనవేలు' అని నేను రాసిన చోట ఎర్ర సిరాతో సున్నా చుట్టి ఉంది.

"ఇది మీ తాతగారిదని ఎలా తెలుసు?"

"ఆయన బాగుచేసిన గడియారం మేడమ్."

"కూర గిన్నె మీద వేలిముద్ర ఉంటే వంటవాడిదే అయ్యుండాలా? వడ్డించినవాడిది కావచ్చు. దొంగచాటుగా రుచి చూసినవాడిదీ కావచ్చు."

నేను కార్డు మీది ఎర్ర సున్నా వైపు చూశాను.

"ఇంట్లో అందరి ముద్రలూ తెమ్మన్నాను. తెచ్చావా?"

"తెచ్చాను." గడియారం జోలికి పోకముందే అవి తీశాను, ఆ రోజు ఇంట్లో ఎంత గోల! సిరా అంటుకుంటుందని అమ్మ గింజుకుంది. "నేనేం దొంగతనం చేశానే?" అంటూనే నాన్న పది వేళ్ళూ బుద్ధిగా దొర్లించాడు. నాయనమ్మ అయితే తన వేలిముద్ర చూసుకుని, "వయసులో ఉన్నప్పుడు ఇంతకన్నా బాగుండేది," అంది.

"ఎవరిదని తేల్చేముందు ఎవరిది కాదో తేల్చాలి. మొదటి మెట్టు ఎక్కకుండానే నువ్వు మేడ మీదున్నావు. పోల్చి చూడు. అది పూర్తయితే కార్డు నీదే."

భూతద్దం, దీపం ముందుకి జరిపి, ఆవిడ ఇంకొకళ్ళ బల్ల దగ్గరికి వెళ్ళిపోయారు.

నాది పెట్టాను. కాదు. నాది లూపు, గీతలు వచ్చినవైపే వంగి వెనక్కిపోతాయి; ఇది సుడి. అమ్మది పెట్టాను. సుడే గానీ చాలా చిన్నది. నాయనమ్మది గీతలు అరిగిపోయి ఎక్కడికక్కడ తెగిపోయాయి. అదీ కాదు. మిగిలింది నాన్నది. ఎలాగూ కాదు కదా, లాంఛనానికి చూసేద్దాం అనుకున్నాను.

సుడి. పెద్దది. నడిమధ్య గీత చిన్న కొక్కెంలా వంగింది. రెండింట్లోనూ.

దానికి కుడివైపు ఒక గీత రెండుగా చీలింది. రెండింట్లోనూ. కింద ఒక చిన్న ముక్క గీత, అటూ ఇటూ కలవకుండా ఒంటరిగా ఉంది. అదీ రెండింట్లోనూ. అన్నిటినీ కోస్తూ పైనుంచి కిందికి ఏటవాలుగా సన్నటి తెల్ల గాటు.

ఆ గాటు నాకు తెలుసు. చిన్నప్పుడు నాన్న వేలు పట్టుకుని బడికి నడిచేదాన్ని, అది నా అరచేతికి గరుకుగా తగిలేది.

మళ్ళీ మొదట్నుంచీ పోల్చాను. మేడమ్ ఎప్పుడొచ్చి నా వెనక నిలబడ్డారో తెలియదు.

"ఎవరిది?"

"మా నాన్నది మేడమ్. కానీ నాన్న ఆ గడియారం ముట్టుకోనేలేదు. ఎవర్నడిగినా చెప్తారు."

"ఎవర్నడిగినా చెప్పేదానికీ ఇదిగో ఇక్కడున్నదానికీ తేడా వస్తే, దేన్ని నమ్మాలి?"

నేను పెన్ను తీసి 'తాతయ్య' కొట్టేశాను. 'నాన్న' అని రాయబోతే చెయ్యి రాలేదు.

"మేడమ్, ఇది చెప్తే మా నాయనమ్మకి తాతయ్య మళ్ళీ పోయినట్టే. చెప్పకపోతే..."

మేడమ్ కార్డు నా చేతిలో పెట్టి, వేళ్ళు మూసి, కాసేపు అలాగే పట్టుకున్నారు. "ఎవరిదో కనిపెట్టడం వరకే నాకు చేతనైన పాఠం. కనిపెట్టాక ఇంట్లో ఎలా చెప్పాలో నాకు ఈ రోజుకీ సరిగ్గా రాదమ్మా," అన్నారు.

*

సాయంత్రం నాన్న బస్సే ఎక్కి చివరి స్టాపు దాకా కూర్చున్నాను. జనం దిగిపోయారు. కండక్టరు టీ కొట్టు వైపు నడిచాడు. నాన్న ఇంజను ఆపి, అద్దంలోంచి నన్ను చూశాడు.

"దిగాల్సిన స్టాపు ఎప్పుడో దాటిపోయిందిగా, డిటెక్టివ్ గారూ?"

నేను ముందు సీటుకి వచ్చి కార్డు చూపించాను. పక్కనే ఆయన సిరా ముద్ర. చెప్పాల్సిన పని లేకపోయింది.

నాన్న రెండు ముద్రల్నీ కళ్ళ దగ్గరికి తెచ్చి చూశాడు. తర్వాత ఫ్లాస్కు మూత తీసి నాకు టీ పోశాడు.

"మీ తాతయ్యని ఆస్పత్రికి తీసుకెళ్ళేటప్పటికి గడియారం బల్ల మీద విప్పేసి ఉంది. చక్రాలన్నీ ఒక పళ్ళెంలో. అక్కడ మీ నాయనమ్మ ఆయన మంచం పక్కన కూర్చుని ఒకటే ధైర్యం చెప్పేది. లేచి ఇంటికెళ్ళి మళ్ళీ కొట్లో కూర్చుందురుగాని, అని."

"పూర్తి చెయ్యలేదన్నమాట."

"పోయాడుగా." నాన్న ఫ్లాస్కు మూత బిగించాడు. "అమ్మ ఇంటికొచ్చి ఆ పళ్ళెం చూస్తే ఏమైపోతుందోనని భయమేసింది. అందరికన్నా ముందొచ్చి కొట్లో కూర్చున్నాను. చిన్నప్పుడు నేర్పినవన్నీ నేను మర్చిపోయాననుకున్నాను గానీ నా చేతులు మర్చిపోలేదు. ఆడింది. గోడకి తగిలించేశాను. నాన్నే బాగుచేసి వెళ్ళాడని చెప్పాను. అది చూసి అమ్మ మొహం..." ఆగిపోయాడు. "ఆ ఒక్క రోజు అమ్మ రెండు ముద్దలు తింది."

నేను టీ తాగలేకపోయాను. గ్లాసు చేతిలో అలాగే ఉండిపోయింది.

"మరి గుడ్డతో పట్టుకోకుండా అద్దం మీద వేలెందుకు పెట్టావు నాన్నా?"

"చేతులు వణికాయే."

బొటనవేలు తిప్పి చూసుకున్నాడు. గాటు మీద చూపుడువేలితో రాసుకున్నాడు. "ఇది పెద్ద స్ప్రింగు తెగి కోసింది, నా చిన్నప్పుడు. ఆ తర్వాత ఆ బల్ల దగ్గర కూర్చోవాలంటే ఒళ్ళంతా చెమటలు పట్టేవి. భయమని చెప్పడానికి సిగ్గేసి, ఆ పనంటే ఇష్టం లేదన్నాను. మీ తాతయ్య ఇష్టం లేదన్న మాటే నమ్మాడు. చివరిదాకా అదే నమ్మాడు."

అంత పెద్ద బస్సుని సందుగొందుల్లో తిప్పే మనిషి. భయం అన్న మాట నాన్న నోటి వెంట ఎప్పుడూ వినలేదు. చెయ్యి పట్టుకోవాలనిపించి పట్టుకున్నాను.

"నాయనమ్మకి చెప్పెయ్యి నాన్నా. నువ్వే చేశావని తెలిస్తే ఎంత సంతోషపడుతుందో! అత్త నోరు కూడా మూతపడుతుంది."

"వద్దు." మాట గట్టిగానే వచ్చింది. "ఆవిడకి మిగిలింది ఆ ముద్ర ఒక్కటే. అది నాన్నది. అంతే. రేపు కార్డు చేతికిచ్చి, తాతయ్య వేలిముద్ర దాచి తెచ్చానని చెప్పు. సంతోషంగా పంపించు."

"పంపించడమా! నీకు ఆవిడ వెళ్ళడం ఇష్టమేనా?"

నాన్న ఇంజను స్టార్ట్ చేశాడు. "ఒట్టు వెయ్యి," అన్నాడు, వెనక్కి చూడకుండా.

వేశాను. ఏం చెయ్యను మరి.

*

ఆదివారం పొద్దున నాయనమ్మ తల దువ్వుకుని, మంచం మీద తయారుగా కూర్చుంది. గదిలో ఆవిడ వస్తువులు లేవు. కిటికీలో ఉండే నూనె సీసా లేదు, దిండు పక్కన జపమాలలా తిప్పే కళ్ళజోడు తాడు లేదు. దువ్వెన కూడా సర్దేసింది.

నేను కార్డు ఆవిడ ఒళ్ళో పెట్టాను. "నాయనమ్మా, ఇది పోలేదు. అద్దం మీద నుంచి ఇక్కడికి వచ్చింది, అంతే. తాతయ్య వేలిముద్ర. నీ కోసం తెచ్చాను."

కళ్ళజోడు పెట్టుకుంది. కార్డుని కిటికీ వెలుతురులోకి ఎత్తి పట్టుకుంది. వేలితో తాకబోయి, తాకలేదు.

"ఇక్కడ ఏదో రాసి కొట్టేశావే?"

"అది... చేతిరాత బాగా రాలేదని."

"ఇది మీ తాతయ్యదేనా?"

"ఆయనదే."

నాయనమ్మ నా మొహం వైపు చూసింది. పెదవుల చివర ఎక్కడో నవ్వు కదిలింది. ఇన్ని రోజుల తర్వాత మొదటిసారి.

"అబద్ధమాడితే నీ చెవులు ఎర్రబడతాయే పిచ్చిదానా. మీ నాన్నకీ అంతే."

నా చేతులు చెవుల మీదికి పోయాయి.

"మీ తాతయ్య అద్దం మీద వేలు పడితే భోజనానికి కూడా లేచేవాడు కాదు, తుడిచాకే లేచేవాడు. నా కళ్ళజోడు మీద మరక కనిపిస్తే నా మొహం మీద నుంచే లాక్కుని తుడిచేవాడు. గుడ్డ లేకుండా అద్దం తలుపు పట్టుకోవడం ఆయన ఇంటా వంటా లేదు. వేలిముద్ర వదిలితే ఆ పని చేసినవాడి పరువు పోయినట్టేననేవాడు. అలాంటి మనిషి సొంత గడియారం మీద బొటనవేలు వదిలి వెళ్తాడా?" కార్డు మీది గాటు చూపించింది. "పైగా ఇది. ఈ వేలికి కట్టు కట్టిందెవరనుకున్నావు? రక్తం ఆగకపోతే గుండెకి హత్తుకుని కూర్చున్నాను వాణ్ణి."

"అంటే నీకు మొదట్నుంచీ తెలుసా?"

"మొదటిసారి కీ ఇవ్వబోయినప్పుడే తెలిసింది."

"మరి ఎందుకు చెప్పలేదు నాయనమ్మా!"

"వాడు నా కోసం అబద్ధమాడాడు. ఆడనిచ్చాను. ఏదో ఒకరోజు వాడే వచ్చి చెప్తాడని చూశాను." కళ్ళజోడు తీసి తుడుచుకుంది. అద్దాల్ని కాదు, కళ్ళని. "మీ అత్త వాణ్ణి అన్నప్పుడల్లా ఆ మూల చూసుకునేదాన్ని. వాళ్ళ నాన్న కుర్చీలో నా కొడుకు కూర్చున్నాడు, ఇదిగో సాక్ష్యం, అనుకునేదాన్ని. వాడు ఉన్నది పక్కగదిలోనే. అమ్మ టీ తాగిందా అని నీ చేత అడిగిస్తాడు. గుమ్మం దాటి రాడు. నాతో మాట్లాడింది ఆ వేలు ఒక్కటే. నువ్వు దాన్నీ తుడిచేశావు. ఇంక ఇక్కడుండి ఏం చేయను?"

నేను ఆవిడ ఒళ్ళో తలపెట్టి ఏడ్చేశాను. నాయనమ్మ నా జుట్టు సరిచేస్తూ, "నూనె పెట్టుకోవు కదా ఎప్పుడూ," అంది. గుమ్మం దగ్గర ఎవరో ముక్కు ఎగబీల్చారు. చూస్తే అమ్మ, తువ్వాలు నోటికి అడ్డం పెట్టుకుని నిలబడింది.

"వినేశావుగా అంతా. వెళ్ళి వాణ్ణి పిలు," అంది నాయనమ్మ.

నాన్న వచ్చి గుమ్మం బయటే ఆగాడు. "అక్క బయల్దేరిందట. దారిలో ఉంది."

"ఒరే, గడియారం ఆగిపోయింది."

"బజార్లో ఎవరికైనా ఇస్తానులే అమ్మా."

"బజారువాడెందుకు? కిందటిసారి బాగుచేసినవాడే చేస్తాడు."

గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టు నాన్న బొటనవేలు పిడికిట్లో దాచేసుకున్నాడు. నా వైపు ఒక్క చూపు చూశాడు.

"నేను చెప్పలేదు నాన్నా! ఒట్టు తప్పలేదు!"

"అది చెప్పలేదు," అంది నాయనమ్మ. "నువ్వు చెప్పలేదు. నాకే కళ్ళున్నాయి."

ఆ తర్వాత నాయనమ్మ లేచి, బొడ్లోంచి వీధి గది తాళం తీసి, నాన్న చేతిలో పెట్టింది. నాన్న వద్దనలేదు.

కొట్లో దుమ్ము వాసన, దాని కింద నూనె వాసన. నాన్న గడియారాన్ని తెచ్చి బల్ల మీద పెట్టి, తాతయ్య కుర్చీ వెనక నిలబడి చొక్కా చేతులు మడుచుకున్నాడు. మెడ మీద చెమట పట్టడం నాకు కనిపించింది. కూర్చున్నాడు. సొరుగు లాగి, కంటికి పెట్టుకునే భూతద్దం తీశాడు. నాయనమ్మ ఎదురుగా గిరాకీలు కూర్చునే బెంచీ మీద కూర్చుంది.

"లోలకం వేలాడే ఉక్కు రేకు తెగింది. దించేటప్పుడు లోలకం తియ్యలేదు కదూ?" అన్నాడు నాతో.

"తియ్యాలని నాకు తెలియదు నాన్నా."

"నాకూ ఒకప్పుడు తెలియదులే. మీ తాతయ్య నెత్తి మీద ఒక మొట్టికాయ వేసి నేర్పాడు."

నాయనమ్మ ఫక్కున నవ్వింది. ఆ నవ్వుకి నాన్న భుజాలు కొంచెం దిగాయి.

చిన్న డబ్బాలో కొత్త రేకు దొరికింది. ఆ లావు వేళ్ళు అంత సన్నటి రేకుని పట్టుకుంటే నాకు ఊపిరాడలేదు. అమర్చి, గడియారాన్ని హాల్లోకి తెచ్చి, మేకుకి తగిలించి లోలకాన్ని కదిపాడు. టిక్కు త్వరగా, టక్కు ఆలస్యంగా వినిపించింది. నాన్న కళ్ళు మూసుకుని చెవి ఆనించి, గడియారాన్ని ఒక వెంట్రుకవాసి ఎడమకి జరిపాడు. మళ్ళీ విన్నాడు. ఇంకొంచెం. ఇప్పుడు రెండు చప్పుళ్ళ మధ్య ఎడం సమానమైంది.

అద్దం తలుపు మూశాడు. మూసేటప్పుడు, పాపం, మళ్ళీ గుడ్డ మర్చిపోయాడు. లోపలివైపు, కింది మూల, నూనె అంటిన బొటనవేలు అచ్చంగా పడింది. చూసుకుని నాలిక్కరుచుకున్నాడు. తలుపు తెరిచి, భుజం మీది గుడ్డ తీశాడు.

"తుడవకురా," అంది నాయనమ్మ.

నాన్న చెయ్యి గాల్లోనే ఆగింది.

వీధిలో కారు హారన్ మోగింది. ఇంకోసారి మోగింది. అమ్మ కదల్లేదు, నేనూ కదల్లేదు.

"నీ వేలిముద్ర చదవడం నాకొచ్చు నాయనా. ఇన్నాళ్ళూ దాంతోనే సరిపెట్టుకున్నాను," అంది నాయనమ్మ నెమ్మదిగా. "ఇంక చాలదురా నాకు. ఏదైనా ఉంటే నోటితో చెప్పు."

గేటు చప్పుడైంది. చెప్పుల చప్పుడు. అత్త తలుపు నెట్టుకుని వచ్చేసింది, కారు తాళాలు వేలికి తిప్పుకుంటూ. "ఎంతసేపమ్మా? ఒరే తమ్ముడూ, ఆ బ్యాగు అందుకో."

నాన్న గుడ్డ మడతపెట్టి జేబులో పెట్టుకున్నాడు. వంగి బ్యాగు ఎత్తాడు. కానీ బ్యాగు ఎత్తినవాడు అత్త వైపు నడవలేదు. నాయనమ్మ వైపూ నడవలేదు. హాలు మధ్యలో దాన్ని రెండు చేతులతో పొట్టకి హత్తుకుని నిలబడిపోయాడు.

"అక్కా," అన్నాడు. బ్యాగుని ఇంకొంచెం గట్టిగా పట్టుకుని మళ్ళీ మొదలుపెట్టాడు. "అక్కా, అమ్మ ఇక్కడే..."

గడియారం సమానంగా కొట్టుకుంటోంది. నాయనమ్మ కుర్చీలో కూర్చుని, రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకుని, కొడుకు నోటి వైపే చూస్తోంది.